నీళ్ళ మధ్య నేను గీసిన దారి

2004 మార్చిలో, అనంతపురం జిల్లాలోని ఒక గ్రామసభలో, ఒక గొర్రెల కాపరి నన్నొక ప్రశ్న అడిగాడు. దానికి నేను అబద్ధం చెప్పాను. తెలియక చెప్పింది కాదు, తొందరలో నోరు జారిందీ కాదు. సరైన సమాధానం నాకు తెలుసు. ఆ గదిలో అది తెలిసినవాణ్ణి ఆ సమయానికి నేనొక్కణ్ణే.

అప్పట్లో నేను అనంతపురం టౌన్లో ఒక వీడియో స్టూడియోలో గ్రాఫిక్స్ ఆర్టిస్టును. మా నాయన గుంతకల్లులో రైలుపెట్టెల మీద అక్షరాలు రాసే పెయింటరు. నేనూ బ్రష్షుతోనే మొదలుపెట్టి దుకాణాల బోర్డులు, ఎన్నికల గోడరాతలు రాసేవాణ్ణి. ఆ పనికి రోజులు దగ్గరపడ్డాయని తోచి 1998లో బెంగుళూరు వెళ్ళి కంప్యూటర్ గ్రాఫిక్స్ నేర్చుకున్నాను. తిరిగొచ్చి రంగనాథ శెట్టిగారి స్టూడియోలో చేరాను. వాళ్ళది తరాలుగా బట్టల వ్యాపారం. చీరల ప్రకటనలకు బయటివాళ్ళ చుట్టూ తిరగలేక శెట్టిగారు తానే స్టూడియో పెట్టారు. పెళ్ళి వీడియోలు, కేబుల్ టీవీ ప్రకటనలు, ధర్మవరం పట్టుచీరల దుకాణాలకు తిరిగే అక్షరాలు, ఇవే మా పనులు.

ఈ పని సంగతి కొంచెం చెప్పకపోతే నా తప్పు అర్థం కాదు.

కంప్యూటర్లో మేము గీసే వంపు గీతను స్ప్లైన్ అంటారు. కొన్ని బిందువులు పెడితే వాటిని కలుపుతూ గీత వంగుతుంది. చివరి బిందువును మొదటిదానితో కలిపితే మూసిన ఆకారం అవుతుంది. దాన్ని మందంగా పైకి లేపి, రంగు పూసి, తిప్పితే టీవీలో గిర్రున తిరిగే అక్షరం తయారు. ఇంగ్లీషు అక్షరాలతో పనిచేసేవాళ్ళకు లేని బాధ ఒకటి మాకుండేది. ఆనాటి ఫాంట్లలో తెలుగు అక్షరం ఒక్క ముక్కగా ఉండేది కాదు. అక్షరం ఒక ముక్క, గుడి ఒక ముక్క, వత్తు ఇంకో ముక్క. కాగితం మీద అచ్చేస్తే తేడా కనిపించదు. మందంగా లేపితే మాత్రం ముక్క మీద ముక్క పడిన చోటల్లా బొక్క పడేది. అందుకని ముక్కలన్నిటినీ ముందు కలపాలి. కలిపితే లోపలి అతుకు గీతలు పోయి బయటి గీత ఒక్కటే మిగులుతుంది. ‘ఠ’ లాంటి అక్షరానికి తీసివేత కూడా కావాలి. బయటి ఆకారంలోంచి కడుపును తీసేసి, ఆ కడుపులో మళ్ళీ చుక్క పెట్టాలి.

తీసివేతకు ఒక నియమం ఉంది. ముందు ఎంచుకున్న ఆకారం మిగులుతుంది, తర్వాత తాకిన ఆకారం పోతుంది. పోతూ మొదటిదాంట్లోంచి తన మేర కోసుకుపోతుంది. ఆ పని జరిగాక పాత గీతలు తిరిగి రావు. కాబట్టి కలిపే ముందు, తీసే ముందు, అసలు గీతలకు నకలు తీసి ఫైల్లో ఒక మూల దాచడం నాకు అలవాటు. బెంగుళూరులో నేర్చుకున్నవాటిలో నన్ను కాపాడింది ఆ ఒక్క అలవాటే.

2004 జనవరిలో ఒక సాగునీటి ప్రాజెక్టు ఆఫీసు నుంచి మా స్టూడియోకు పని వచ్చింది. కాలువ నీళ్ళు నిలవేసుకోడానికి రెండు గుట్టల మధ్య కట్ట వేసి జలాశయం కడతారు. ఏ పొలం మునుగుతుంది, ఏ ఇల్లు మునుగుతుంది, ఏది మిగులుతుంది అన్నది గ్రామసభలో జనానికి బొమ్మల్లో చూపించాలి. పని అప్పగించినది డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. ఆఫీసులో అందరూ డీఈగారు అనేవారు. ఆయన కింద ఇద్దరు సహాయ ఇంజనీర్లు. గ్రామసభకు తేదీ నిర్ణయించాకే ఆయనకు సినిమా ఆలోచన వచ్చింది కనుక మాకు టైము తక్కువ.

అవి వరసగా వేరుశనగ ఎండిపోయిన సంవత్సరాలు. ట్యాంకరు వస్తే వీధిలో బిందెల వరస, రాకపోతే బిందెలు అక్కడే. నీళ్ళ మాట ఎత్తితే చాలు, జనం అన్నిటికీ తలూపే కాలం. ఆ సంగతి మాకు తెలుసు, ఆఫీసుకూ తెలుసు.

డీఈగారు ఇచ్చిన డ్రాయింగులో ఎత్తుల గీతలుండేవి. ఒకే ఎత్తులో ఉన్న నేలనంతా కలుపుతూ పోయే గీతలవి. జలాశయం పూర్తిగా నిండితే నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో ఆ గీతను ఎర్ర పెన్సిలుతో దిద్ది ఉంచారు. నేను చేయాల్సింది దాని మీద స్ప్లైన్ గీసి, నీలంగా లేపి, చిన్న మడుగుగా మొదలైన నీళ్ళు పెరిగి పెరిగి ఆ గీతదాకా వచ్చినట్టు కదిలించడం.

ముంపు ప్రాంతం మధ్యలో గుండ్లమిట్ట అనే చిన్న ఊరుంది. ఇరవై ఇళ్ళు కూడా ఉండవు. అందరూ గొర్రెలు మేపుకునే కురుబవాళ్ళు. బండలు కప్పిన మిద్దెలు, ప్రతి ఇంటి పక్కనా మందను రాత్రిళ్ళు తోలే ముళ్ళకంచె. దాన్ని వాళ్ళు రొప్పం అంటారు. ఊరు మిట్ట మీద ఉంది కనుక ఇళ్ళు మునగవు. ఆ మిట్టను ఉత్తరపు గుట్టలతో కలిపే బండ్లదారి మాత్రం పల్లంలో ఉంది. మేత ఆ గుట్టల్లోనే. డ్రాయింగులో ఎర్ర గీత మిట్ట చుట్టూ ఎక్కడా తెగకుండా తిరిగి తనలోనే కలిసింది. నీళ్ళు నిండితే గుండ్లమిట్ట దీవి అవుతుందని దాని అర్థం.

ఇళ్ళు మునిగే ఊళ్ళకు దూరంగా ఒక కాలనీలో స్థలాలు ఇస్తున్నారు. గుండ్లమిట్టవాళ్ళకు మాత్రం ఎంచుకునే వీలిచ్చారు. ఉండిపోవచ్చు, లేదా కాలనీలో స్థలం కావాలని గ్రామసభలో చెప్పొచ్చు. కాలనీ స్థలాలు ఇంటికి ఇల్లు ఆనుకొని ఉండేవి. రొప్పానికి చోటు లేదు. అంటే వాళ్ళు తేల్చుకోవాల్సిన విషయం ఒక్కటే. దారి ఉంటే గొర్రెలతో ఉండిపోవడం మేలు. దారి లేకపోతే ఉండడం సాధ్యం కాదు.

నా చిక్కు వేరే. ఒక ఆకారం మరో ఆకారంగా మారుతున్నట్టు చూపించాలంటే రెండిట్లోనూ గీతల సంఖ్య ఒకటే ఉండాలి. మొదటి మడుగుకు ఒక్క గీత. నిండిన జలాశయానికి రెండు, బయటి ఒడ్డు ఒకటి, మిట్ట చుట్టూ మరొకటి. ఒకటి రెండుగా మారమంటే కంప్యూటరు మారదు. నీళ్ళు సగం పెరిగాక చినిగిన గుడ్డలా చెల్లాచెదురయ్యేవి.

దీనికి మా పనిలో అందరూ వాడే కిటుకు ఒకటుంది. బయటి ఒడ్డు నుంచి లోపలి బొక్కదాకా ఒక సన్నని పట్టీ గీసి, ఆ పట్టీని నీళ్ళలోంచి తీసేస్తే రెండు గీతలూ కలిసి ఒక్క గీతవుతుంది. నీళ్ళ ఆకారం గుర్రపు నాడాలా మారుతుంది. ముందు నీళ్ళను ఎంచుకున్నాను, తర్వాత పట్టీని తాకాను. పట్టీ మేర నీళ్ళు పోయాయి, కింద నేల కనిపించింది.

పట్టీని వెంట్రుకంత సన్నగా ఉంచితే ఎవరూ గమనించేవారు కాదు. కానీ అంత సన్నని గీత ఆనాటి టీవీ తెర మీద వణికేది. వెడల్పు చేశాను. వెడల్పు చేశాక, నీళ్ళ మధ్య అర్థం లేని గోధుమరంగు చారలా ఎబ్బెట్టుగా కనిపించింది. అప్పుడు దాన్ని జరిపి, కింద నేల బొమ్మలో ఉన్న బండ్లదారి మీదికి సరిగ్గా తెచ్చాను. ఇక చూడ్డానికి ఎంతో పొందికగా ఉంది. రెండు వైపులా నీలం, మధ్యలో ఊరికి పోయే దారి.

నా తప్పు ఆ జరపడంతో మొదలైంది. పట్టీ సాఫ్ట్‌వేర్ కోసం. దాన్ని దారి మీద పెట్టింది మాత్రం నా కంటి కోసం.

శెట్టిగారు చూసి సంబరపడ్డారు. “ఏమప్పా ఆర్టిస్టూ, నీళ్ళు మన ఊరికే వచ్చినట్లుండాదే! ఈ నీలం రంగు మన చీరల ప్రకటనకు కూడా పెట్టు” అన్నారు. డీఈగారు ఆఫీసులో నిలబడే చూశారు, ఒక చేతిలో సంతకం పెట్టాల్సిన కాగితాలు. బాగుంది, సభలో వేసేయండి అన్నారు. ఆయన ఆ దారిని గమనించారో లేదో నాకు ఈనాటికీ తెలియదు. నాకు మాత్రం తెలుసు. చెబుదామని నోరు తెరిచాను కూడా. చెబితే మొత్తం మళ్ళీ చేయాలి, తేదీ దగ్గరపడింది. ఎటూ ఇంజనీర్లు నోటితో వివరిస్తారులే అని సర్దిచెప్పుకున్నాను.

గ్రామసభ మండుటెండలో, స్కూల్లో జరిగింది. గదిలో వెలుతురు తగ్గాలంటే కిటికీలు మూయాలి, కిటికీలకు రెక్కల్లేవు. కాపరులు తమ కంబళ్ళు తీసి అడ్డం కట్టారు. గదినిండా గొర్రెబొచ్చు వాసన. గోడకు తెల్ల పంచె కట్టి ప్రొజెక్టరు పెట్టాను. బయట జనరేటరు.

నీళ్ళు పెరగడం మొదలవగానే గది అంతా తెరవైపు ముందుకు వంగింది. తర్వాత ఒకటే గోల.

“అబ్బబ్బా, ఇన్ని నీళ్ళే!”

“ఓయప్పా, ఆ మిషను కొంచెం ఇట్ల తిప్పు, నా బిందె ఈడనే ఉండాది!”

“మళ్ళీ వెయ్యి, మళ్ళీ వెయ్యి!”

మళ్ళీ వేశాను. మూడోసారి కూడా వేశాను. చప్పట్లు కొట్టారు. నేను చేసిన పనికి ఎదురుగా కూర్చుని ఎవరైనా చప్పట్లు కొట్టడం అదే మొదటిసారి. ఆ సంతోషంలో నేనూ ఉన్నాను. దాచడమెందుకు.

డీఈగారు లేచి రెండు ముక్కలు మాట్లాడి, సర్పంచిగారింట్లో భోజనానికి వెళ్ళారు. సహాయ ఇంజనీర్లు ఆయన వెంట వెళ్ళారు. వాళ్ళు తిరిగొచ్చాక ఊరివారీగా అభిప్రాయాలు రాసుకుంటారు. అందాకా నన్ను బొమ్మ వేస్తూ ఉండమన్నారు.

అప్పుడొక యాభై ఏళ్ళ మనిషి లేచి తెర దగ్గరికి వచ్చాడు. పేరు బీరప్ప, గుండ్లమిట్టలో పెద్ద మంద ఆయనదే. ఆయన నీడ నీళ్ళ మీద పడింది. వెనక నుంచి ఆయన భార్య లచ్చుమక్క అరిచింది.

“యాడ నిలబడుకున్నావు? నీళ్ళు కనపడల్లేదు, నీ తలపాగే కనపడతాండాది. పక్కకు జరుగు!”

అందరూ నవ్వారు. బీరప్ప జరగలేదు. నా పట్టీ మీద వేలు పెట్టి నావైపు తిరిగాడు.

“ఏమప్పా, ఇది మా బండ్లదారే గదా? నీళ్ళు నిండినా ఇట్లనే ఉంటాదా?”

ఇంజనీరుగారిని అడుగన్నా అంటే సరిపోయేది. నాకు తెలియదు అన్నా కొంత నయం. గది అంతా నావైపు చూస్తోంది, ఇప్పుడే చప్పట్లు కొట్టిన జనం. ఆ దారి నేను నా పని సులువు కోసం గీసిందని చెబితే తక్కిన నీళ్ళ మీద కూడా వాళ్ళకు నమ్మకం పోతుంది. డీఈగారి ముందు శెట్టిగారి పరువు పోతుంది. అవన్నీ ఒక్క క్షణంలో మెదిలాయి.

“డ్రాయింగు ప్రకారమే చేసినామన్నా, ఉంటుంది” అన్నాను.

బీరప్ప ముఖం విప్పారింది. “అట్లయితే ఇంగేం కావల్ల? ఇంటి ముందర నీళ్ళు, ఎనక మేత. జీవాలను యాడికీ తోలుకపోయే పనే లేదు.”

లచ్చుమక్క ఒప్పుకోలేదు. “అది బొమ్మ. బొమ్మలో ఏమైనా పెడతారు. నీళ్ళు నిన్ను అడిగి దారి ఇడుస్తాయా?”

“గీసినోడే చెప్తాండాడు గదనే! నీకంటే తెలీదా ఆయప్పకు?”

సాయంత్రం సభలో గుండ్లమిట్టవాళ్ళు ఉండిపోతామన్నారు. సహాయ ఇంజనీరు రాసుకున్నాడు. వాళ్ళు వేలిముద్రలు వేశారు. నేను ప్రొజెక్టరు సర్దుకుంటూ చూస్తున్నాను. ఇప్పటికీ మించిపోలేదు, లేచి చెప్పొచ్చు అని ఒకసారి అనుకున్నాను. వైర్లు చుట్టుకుని జీపెక్కాను.

కట్ట కట్టడానికి సమయం పట్టింది. 2007లో వానలు బాగా పడి, కాలువ నీళ్ళూ వచ్చి, జలాశయం నిండింది. నిండిన రెండు నెలలకు కింది పొలాలకు నీళ్ళు విడిచే ఉత్సవం పెట్టి, దాన్ని వీడియో తీయడానికి మా స్టూడియోనే పిలిచారు. కెమెరామన్‌తో పాటు నేనూ కట్ట మీదికి వెళ్ళాను. మైకులు, దండలు, కొబ్బరికాయలు. నేను గుండ్లమిట్ట కోసం చూశాను. నాలుగు వైపులా నీళ్ళు, మధ్యలో మిట్ట. ఎర్ర పెన్సిలు గీత ఎలా ఉందో అలాగే ఉంది.

ఉత్సవం అయ్యాక నేనొక్కణ్ణే కట్ట దిగి ఒడ్డు వెంబడి ఉత్తరం వైపు నడిచాను. బండ్లదారి నేరుగా నీళ్ళలోకి దిగిపోతోంది. అక్కడొక పుట్టి ఆగి ఉంది, వెదురు బుట్టకు ప్లాస్టిక్ పట్టా కట్టి తారు పూసినది. అందులోంచి బీరప్ప గొర్రెలను ఒక్కొక్కటిగా ఎత్తి ఒడ్డున దించుతున్నాడు. లచ్చుమక్క తెడ్డు పట్టుకుని కూర్చుంది. ఆయన నన్ను గుర్తుపట్టాడు.

“రాప్పా రా. ఆ పొద్దు చూపించిన దారి యాడికి పోయె? నీ మిషన్లోనే మర్సిపోయి వచ్చినావా?”

“ఈ పొద్దన్నా తెచ్చినాడేమో చూడు” అంది లచ్చుమక్క. “మూట యాడుండాదప్పా? ఇప్పి పరిస్తే నడిచి పోతాం.”

వాళ్ళ తిప్పలు వాళ్ళే చెప్పారు. పుట్టిలో నాలుగు గొర్రెల కంటే పట్టవు. మందనంతా దాటించేసరికి ఎండెక్కుతుంది, మళ్ళీ తెచ్చేసరికి చీకటి పడుతుంది. గాలి లేచిన రోజు మేత లేదు. ఒకసారి పుట్టి ఒరిగి గొర్రెలు నీళ్ళలో పడ్డాయి, కొన్ని దక్కలేదు.

“సగం మంద సంతకు తోలేసినా” అన్నాడు బీరప్ప. “మిగిలినవి కూడా ఎన్నాళ్ళుంటాయో తెలీదు.”

“ఆఫీసుకు పోయి చెప్పలేదా అన్నా?”

“పోకుండా ఉంటామా? కాలనీలో స్థలమన్నా ఇయ్యండయ్యా అంటిమి. సినిమా చూసినారు, మీ నోటితో మీరే ఉంటామన్నారు, వేలిముద్ర ఏసినారు, ఇంగేముండాది అంటాండారు. చూసినమాట నిజమే గదా మరి.”

ఆయన తనను తానే తప్పుపట్టుకుంటున్నాడు, చూసిన కళ్ళదే తప్పన్నట్టు. దారి డ్రాయింగులో లేదని, నేను గీసిందని, ఆ రోజు తెలిసి తెలిసీ ‘ఉంటుంది’ అన్నానని, అక్కడే నీళ్ళ ఒడ్డున చెప్పాను. బీరప్ప చేతిలోని గొర్రెను దించాడు. తిడతాడనుకున్నాను. పుట్టిలోకి తిరిగి ఎక్కి, “పదనే, ఇంగా శానా ఉండాయి” అన్నాడు భార్యతో. లచ్చుమక్క తెడ్డు వేసింది. వాళ్ళు మిట్ట చేరేదాకా అక్కడే నిలబడ్డాను.

మరునాడు శెట్టిగారితో చెప్పాను.

“నీకు తలకాయ గిన చెడిందా?” అన్నారు. “నువ్వు గీసినావు, డీఈ సరేనన్నాడు, దుడ్లిచ్చినారు, అయిపాయె. ఇప్పుడు పోయి తవ్వితే ఆ ఆఫీసు పని పోతాది. మనకు మళ్ళీ పెండ్లి వీడియోలే గతి.”

“నన్ను అడిగినాడు శెట్టిగారూ. ఉంటుందని చెప్పినాను.”

ఆయన గల్లాపెట్టె తెరిచి లెక్క చూసుకుని మూశారు. చివరికి, “కంప్యూటరు కావల్లంటే తీసుకపో. స్టూడియో పేరు మాత్రం ఎత్తద్దు” అన్నారు. ఆయన నుంచి అంతకంటే ఆశించే హక్కు నాకు లేదు.

పాత ఫైలు తెరిచాను. నిండిన జలాశయంలో దారి ఉంది. పట్టీని కోసేశాక దాన్ని తిరిగి పూడ్చడం కష్టం. పూడ్చినా అది నేను ఇప్పుడు కొత్తగా గీసినట్టవుతుంది, రుజువు కాదు. కానీ కోయకముందు తీసిన నకళ్ళు మూలన అలాగే ఉన్నాయి, బయటి ఒడ్డు, మిట్ట చుట్టూ గీత, పట్టీ, మూడూ విడివిడిగా.

గుండ్లమిట్టవాళ్ళు కాలనీ స్థలాల కోసం ఆర్డీవోకు పెట్టుకున్న అర్జీకి నా రాతపూర్వక వాంగ్మూలం కూడా చేర్చాను. రెవెన్యూ డివిజనల్ ఆఫీసరుకు భూసేకరణ, పునరావాసాల మీద విచారణ చేసే అధికారం ఉంటుంది. అప్పుడున్నది ఒక మహిళా అధికారి. విచారణ రోజున డీఈగారు, బీరప్ప, ఊళ్ళోవాళ్ళు మరికొందరు వచ్చారు. నేను కంప్యూటరును బల్ల మీద పెట్టాను. ప్రాజెక్టు డ్రాయింగును కింద పరిచి, దాని మీద నా గీతలు ఒక్కొక్కటే వేసి చూపించాను. ఇది ఒడ్డు, డ్రాయింగులో ఉంది. ఇది మిట్ట చుట్టూ గీత, ఇదీ ఉంది. ఇది పట్టీ.

ఇది డ్రాయింగులో ఎక్కడుందని ఆర్డీవోగారు అడిగారు. లేదని చెప్పాను. ఎవరు గీయమన్నారని అడిగారు. ఎవరూ అనలేదని చెప్పాను. అది పొరపాటున పడిందా అన్నారు. ఆ ప్రశ్నలో నాకొక సందు దొరికింది, కనికరంతోనే ఇచ్చారనుకుంటాను. లేదండీ, కావాలనే పెట్టాను, అడిగితే ఉంటుందని కూడా చెప్పాను అన్నాను. డీఈగారు తనకు ఈ సంగతి తెలియదన్నారు. నేను ఆయనకు చెప్పలేదన్నది నిజమేనని ఒప్పుకున్నాను.

అప్పుడు పట్టీని తాకకుండా, ఒడ్డును ముందు ఎంచుకుని, మిట్ట గీతను తర్వాత తాకి, తీసివేత చేశాను. నీలం మిట్ట చుట్టూ మూసుకుంది. మూడేళ్ళ కిందట చేయాల్సిన పని అది. క్షణం కూడా పట్టలేదు.

బీరప్ప తెర దగ్గరికి వంగి చూశాడు. “ఇప్పుడు సరిగ్గా ఉండాది. మేము ఉండేది ఈడనే” అన్నాడు.

గుండ్లమిట్టవాళ్ళ అంగీకారం తప్పు బొమ్మ చూసి ఇచ్చినది కాబట్టి చెల్లదని, మళ్ళీ గ్రామసభ పెట్టి వాళ్ళ అభిప్రాయం తీసుకోవాలని ఉత్తర్వు వచ్చింది. శెట్టిగారు చెప్పినట్టే ఆఫీసు పని పోయింది. ఆయన నన్ను పొమ్మనలేదు. ఆయన నష్టాన్ని రోజూ ఎదురుగా చూస్తూ కూర్చోలేక నేనే మానేసి, తర్వాత వేరే ఊళ్ళో రైతులకు సాగు పాఠాల వీడియోలు తీసే ప్రభుత్వ సంస్థలో చేరాను.

రెండో గ్రామసభ అదే స్కూల్లో జరిగింది. సరిచేసిన బొమ్మను నా సొంతంగా తయారుచేసి తీసుకెళ్ళాను. ఈసారి నీళ్ళు పెరగడం చూపించలేదు. నిండిన జలాశయం ఒక్కటే నిలబెట్టి, తెర పక్కన నిలబడి, ఇక్కడ దారి లేదని, అప్పుడు చూపించింది నేను గీసిందని, బీరప్పన్న అడిగితే అబద్ధం చెప్పానని అందరి ముందూ అన్నాను. లచ్చుమక్క ముందు వరసలో కూర్చుంది.

“లేనిదాన్ని లేదని చెప్పేదానికి ఇన్నేండ్లు పట్టిందాప్పా?” అంది.

ఎవరూ నవ్వలేదు.

కాలనీలో స్థలాలు ఇచ్చారు. ఊరి పెద్దలు పట్టుబట్టడంతో కాలనీ వెనక బీడులో రొప్పాలకు చోటు కూడా చూపించారు. అదంతా అయ్యేసరికి మరో ఏడాది దాటింది. అప్పటికి బీరప్ప మందలో అమ్మడానికి గొర్రెలు మిగల్లేదు. ఆయనా లచ్చుమక్కా బెంగుళూరులో ఇళ్ళు కట్టేచోట కాపలా పనికి వెళ్ళారని విన్నాను. రొప్పానికి చోటు వచ్చింది, అందులో తోలడానికి ఏమీ లేదు. దాన్ని నేను సరిదిద్దలేకపోయాను.

ఆ తర్వాత కూడా నేను పటాలు, కాలువలు, భూముల బొమ్మలు ఎన్నో చేశాను. కిటుకులు మానలేదు, అవి లేకుండా ఈ పని జరగదు. నా అవసరానికి గీసిన ప్రతి పట్టీకి మాత్రం నేలలో ఎక్కడా లేని ముదురు ఎరుపు పూసి, అది తెర మీద కనబడేలాగే వదిలేశాను. అందం చెడిందని పై అధికారులు కోప్పడేవారు. నా కింద చేరిన ఆర్టిస్టులకూ అదే నేర్పాను. బొమ్మను నలుగురి ముందు వేసే ప్రతిసారీ, వేయకముందే లేచి, ఇందులో నేలది ఏది, నేను పెట్టింది ఏది అని వేలుపెట్టి చూపించేవాణ్ణి. పదవీ విరమణ దాకా అది మానలేదు. దానికి ఒక నిమిషం పట్టేది. ఆ రోజూ అంతే పట్టేది.